పదకొండో నంబరు కార్డు

నాలుగు దాటి ఐదు నిమిషాలయింది. మా పాత ఇంగ్లీషు మేడం మేనకోడలు ఐదింటికి పై గది తాళంచెవి తెస్తానంది, అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలు ఈ మెట్ల మీదే, నేను పై నుంచి రెండో మెట్టు మీద, మా ఆయన నాకు నాలుగు మెట్ల కింద గోడకి ఆనుకుని, మధ్యలో నా సంచి. సంచిలో మూడు జతల బట్టలు, దువ్వెన, బీపీ మాత్రలు. ఆరున్నరకి మా అక్క ఊరి బస్సు. తాళం వచ్చేలోపు ఆ రోజు ఫోనులో ఏం జరిగిందో, ఎందుకలా చేశారో ఈ మనిషి తన నోటితో, తన మాటల్లో చెబితే సరే, చెప్పకపోతే బస్సెక్కుతాను, మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలియదు. పొద్దున్నే ఈ సంగతి విడమరిచి చెప్పాను. విన్నారు, తలూపారు, చెప్పులేసుకుని నా వెనకే బయల్దేరారు, సంచి కూడా తనే మోశారు. పెళ్ళాం అలిగి వెళ్ళిపోతుంటే ఏ మొగుడైనా సంచి మోస్తాడా అండీ, ఈయన మోస్తారు, మోసి మెట్టు మీద నిలబెట్టి, పక్కకి ఒరగకుండా రెండుసార్లు సర్దుతారు, మాట మాత్రం రాదు.

కింద బేకరీలో సాయంత్రం వాయి రొట్టెలు దించుతున్నారు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ బేకరీ ముగ్గురి చేతులు మారింది, గాజు తలుపు వచ్చింది, ఈ వాసన మాత్రం అదే. అందరికీ ఆ వాసనకి ఆకలేస్తుంది, నాకు ఇంగ్లీషు గుర్తొస్తుంది. అప్పుడు నేను హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్ని, కొత్తగా చేరాను, నాకొచ్చిన ఇంగ్లీషంతా కలిపి ఒకే ఒక్క ముక్క, లైన్లో ఉండండి దయచేసి. ఆ ముక్క చెప్పి వదిలేసేదాన్ని, అవతలివాళ్ళు ఉండీ ఉండీ విసుగొచ్చి పెట్టేసేవాళ్ళు. నెల రోజుల్లో మాట్లాడ్డం నేర్చుకో, లేదంటే ఇంట్లో కూర్చో అన్నాడు సూపర్‌వైజరు. అలా ఎక్కాను మొదటిసారి ఈ మెట్లు, మేడం ఇంగ్లీషు క్లాసు కోసం. ఇప్పుడు ఎక్కాలంటే మోకాళ్ళు నొప్పి. పైన గదిలో బోర్డు లేదు, పుస్తకం లేదు, పన్నెండు మడత కుర్చీలూ, మధ్యలో స్టూలు మీద ఒక బిస్కెట్ డబ్బా. డబ్బా నిండా అట్టముక్కలు, ఒక్కోదాని మీద నంబరు, కింద నువ్వెవరో, నీకేం కావాలో రాసి ఉండేది. ఒకటో నంబరు, రైల్లో కిటికీ సీటు దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు. నాలుగు, చిరిగిన చొక్కా దుకాణంలో వెనక్కివ్వడం. ఏడు, ఇంటి ఓనరూ, అద్దెకి వచ్చినవాడూ. పదకొండు, ఫోనులో అడిగిన మనిషి ఇంట్లో లేడు, ఎత్తినవాడు సందేశం రాసుకోవాలి. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి తీయాలి, ఏదొస్తే ఆ పది నిమిషాలూ అదే నువ్వు. మేడం పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా. “నీ గురించి మాట్లాడమంటే నీకు సిగ్గేస్తుంది నాయనా, ఇంకొకడివై మాట్లాడు, నోరు దానంతటదే తిరుగుతుంది” అనేవారు.

నిజంగానే తిరిగేవి నోళ్ళు. ఒక్కోసారి తిరగకూడని వైపు కూడా. మాతోపాటు ఒక బస్సు కండక్టరు ఉండేవాడు, అతనికి డాక్టరు కార్డు వచ్చింది, రోగి నాలుక చాపగానే అలవాటుకొద్దీ “టికెట్ ప్లీజ్” అన్నాడు. కోర్టు గుమాస్తా ఒకాయన ఉండేవాడు, తెల్లచొక్కా, పెద్దమనిషి, దొంగ కార్డు వచ్చిందని నామోషీపడి అలిగి ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ వారం తను దొంగతనం ఎందుకు చేయాల్సి వచ్చిందో నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసుకొచ్చి చదివాడు, చదువుతూ చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మేం నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీల్లో ఊగిపోయాం. ఆ గదిలో నవ్వినంత నవ్వు తర్వాత ఎక్కడా నవ్వలేదు. డ్యూటీలో తిట్లు తిని, ముఖం వేలాడేసుకుని ఎక్కేవాళ్ళం, దిగేటప్పుడు మెట్ల మీద కూడా ఆ పాత్రలు వదిలేవాళ్ళం కాదు, ఇదిగో ఈ మలుపు దగ్గర కండక్టరు నా నాడి పట్టుకుని రోజూ పరిగెత్తమని సలహా ఇచ్చాడు.

మా ఆయనా అదే క్లాసు, తలుపు పక్కన నిలబడేవారు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. పని సైన్‌బోర్డులు రాయడం, ఊళ్ళో సగం దుకాణాల మీద ఇంగ్లీషు అక్షరాలు ఈయన చేతివే, ఒక్క ముక్క చదవడం రాదు, కాగితం మీద ఎలా ఉంటే అలా దించేసేవారు. అక్షరం మాత్రం ముత్యం. తెలుగులో పేరడిగినా ముందు ఒక గుటక మింగి, పైకప్పు కేసి చూసి, అప్పుడు చెప్పేవారు, అదీ సగం పేరు. మూడో వారం మేడం డబ్బా తీసుకెళ్ళి ఆయన ముందే పెట్టారు, తప్పించుకునే దారి లేదు. నాలుగో నంబరు. నేను దుకాణందాన్ని. వేళ్ళకి ఎర్ర రంగుతో ఆ మనిషి మధ్యకి వచ్చి, ఉన్నట్టుండి భుజాలు వెనక్కి విరిచి, “మీ మేనేజర్ని పిలవండి” అన్నారు, రెండు వారాలు తలుపు పక్కన విని పట్టిన ఇంగ్లీషులో, గోడలు అదిరేలా. ఈ చొక్కా ఒక్క ఉతుక్కి ఇలా అయింది, నేను ఈ ఊళ్ళో పరువుగా బతికేవాణ్ణి, మీరు నన్ను మోసం చేశారు. నేను బిత్తరపోయి నిజంగానే క్షమించండి అన్నాను. క్లాసంతా చప్పట్లు. కార్డు డబ్బాలో పడేశాక మళ్ళీ గుటక, మళ్ళీ తలుపు పక్కన. ఆ పది నిమిషాల మనిషిని చూడ్డానికి నేను వారమంతా కాచుకునేదాన్ని. సూపర్‌వైజరు పెట్టిన గడువు దాటాక కూడా ఈ మెట్లెక్కింది ఇంగ్లీషు కోసమని ఎవరికైనా చెబితే నవ్విపోతారు. మేడంకి తెలుసు. కళ్ళు మూసుకుని తీసినా మా ఇద్దరికీ జత కార్డులే ఎలా వచ్చేవో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఏడో నంబరు వచ్చిన రోజు వాన. సగం కుర్చీలు ఖాళీ. నేను ఓనర్ని, ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడిగాను, కార్డులో ఉన్నదే. భార్య, ఇద్దరు పిల్లలు అని ఆయన కార్డులో రాసి ఉంది. ఆయన కార్డు చూడలేదు. “ప్రస్తుతం ఒక్కణ్ణే అండీ, ఓనరుగారు ఒప్పుకుంటే ఇద్దరం” అన్నారు. కోర్టు గుమాస్తా దగ్గాడు. మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ, వాక్యంలో తప్పేమీ లేదు, ఓనరు జవాబు చెప్పాలి అన్నారు. “సామాన్లు రేపే దించుకోండి” అన్నాను, నాకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో, నా భాషలో అడిగి ఉంటే ముఖం కప్పుకుని పారిపోయేదాన్ని.

పెళ్ళికి మేడం ఆ కార్డులన్నీ తన చేత్తో రెండో ప్రతి రాసి ఇచ్చారు. మా కాపురమంతా వాటి మీదే నడిచిందంటే నమ్మరు. ఆయనకి కోపమొస్తే కోపమని చెప్పడం రాదు, హోటల్ గది కార్డు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవారు, మూడు రోజులుగా మీ హోటల్లో టీ చల్లగా వస్తోంది, మేనేజరు గారేరీ. చాలా విచారిస్తున్నాం సార్, మా వంటమనిషి సమ్మెలో ఉంది, కారణం నిన్న ఆవిడ కొత్త బట్టలు ఎవరూ చూడకపోవడం. అయ్యో, ఆ సంగతి మా దృష్టికి రాలేదు. ఇక నవ్వు ఆపుకోలేక అక్కడితో తగువు అయిపోయేది. అమ్మాయిని స్కూల్లో మీ అమ్మా నాన్నా ఏం చేస్తారని అడిగితే, అమ్మ హోటల్ మేనేజరు, నాన్న రోజూ కంప్లైంట్ ఇస్తాడు అని చెప్పిందట. అమ్మాయి కంటే ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అప్పుడు నేను పది రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను, ఎవరేం అన్నా ఉలుకూ పలుకూ లేదు. ఈయన వచ్చి మంచం అంచున కూర్చుని, ఈ సీటు ఖాళీయేనా అండీ అని ఇంగ్లీషులో అడిగారు. నేను కొంచెం జరిగాను. ఎక్కడిదాకా వెళ్తున్నారు అన్నారు. తెలియదండీ అన్నాను. నేనూ అక్కడిదాకే అన్నారు. నన్ను మంచం మీంచి లేపింది ఆ మాటే. ఈ ఆటని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు, ఆ ఆట లేకపోతే ఈయన మనసు నాకు తెలిసేదే కాదు. అయినా ఇప్పుడు ఆ ఆట పేరెత్తితేనే కోపమొస్తోంది.

నాలుగున్నర. ఆయన వేలితో గోడ మీద పెచ్చులూడిన చోట ఏదో అక్షరం దిద్దుతున్నారు. ఎప్పుడూ అంతే, నోరు మూతపడితే వేలు తెరుచుకుంటుంది. ఆ చేతిరాత చూసే కదా అబద్ధం పట్టుకున్నాను. రెండు నెలల కిందట కండక్టరు వచ్చి మేడం పోయారని చెప్పాడు, ఆస్పత్రిలో మూడు వారాలు ఉన్నారట, మాకు కబురే లేదు. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఎవరూ ఒక్క మాట చెప్పలేదే, ఒక్క ఫోను చేయించలేదే, ఆవిడకి మేం గుర్తుకే రాలేదా అని. ఈయన నా పక్కనే కూర్చుని వీపు నిమురుతూ, “అవును, ఎవరూ చెప్పలేదు” అన్నారు. తెలుగులో. స్పష్టంగా. గుటక కూడా లేదు. తొమ్మిది రోజుల కిందట ఆయన కుంచెల పెట్టె కడుగుదామని తీస్తే అడుగున మడిచిన కాగితం. ఫోను చేసినవారు, ఆస్పత్రి నర్సు. ఎవరికి, భార్యాభర్తలిద్దరికీ. సందేశం, మేడం చూడాలంటున్నారు, వీలైనంత త్వరగా రావాలి. తారీఖు, టైము, అన్నీ పొందిగ్గా, గీత గీసి మరీ. సందేశం రాసుకున్నవారు అన్న చోట మాత్రం ఖాళీ. తారీఖు చూస్తే మేడం పోవడానికి పదకొండు రోజుల ముందు. ఆ వేళ నేను అమ్మాయి ఇంటికి వెళ్ళాను, సాయంత్రానికే వచ్చేశాను. ఇదేంటని కాగితం ముందు పెడితే తల దించుకుని “పదకొండో నంబరు” అన్నారు. అంటే ఫోను ఎత్తి, వాళ్ళు ఊళ్ళో లేరండీ, సందేశమేమైనా ఉంటే రాసుకుంటాను అన్నారు, తను ఇంట్లో నిలబడి, తన గొంతుతో.

హోటల్లో ఇరవై ఆరేళ్ళు ఊరందరి ఫోన్లూ కలిపాను. పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, మొగుడూ పెళ్ళాల తిట్లు, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళేవి, ఒక్కటి తప్పిపోనివ్వలేదు. నాకు రావాల్సిన ఒక్క ఫోను నా ఇంట్లోనే తప్పిపోయింది. మేడం ఆ మంచం మీద తలుపు కేసి చూసి ఉంటారు. చప్పుడైనప్పుడల్లా మేమే అనుకుని ఉంటారు. అది తలుచుకుంటే అన్నం దిగదు. ఈ తొమ్మిది రోజుల్లో ఈయన మూడుసార్లు క్షమాపణ చెప్పారు, చెప్పలేదని నేననను. మొదటిసారి హోటల్ మేనేజరై, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. రెండోసారి రైల్వే విచారణ కిటికీలో గుమాస్తా. మూడోసారి తప్పు చేసిన ఉద్యోగి పై అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని వచ్చారు, అధికారి సెలవులో ఉంది అని తలుపేశాను. తలుపు వెనక నిలబడి నాకు ఎంత భయం వేసిందో. ఈ వేషాలన్నీ తీసేస్తే లోపల ఎవరైనా ఉన్నారా అసలు, ముప్ఫై ఏళ్ళు నేను ఎవరితో కాపురం చేశాను, ఆ వాన రోజున అడిగింది ఈయనేనా, కార్డేనా. ఆ అనుమానంతోనే ఈ సంచి సర్దుకున్నాను. ఫోను తప్పు క్షమించగలనేమో, ఈ అనుమానంతో మాత్రం ఒకే ఇంట్లో ఉండలేను.

బేకరీ పిల్ల మెట్ల కిందికి వచ్చి ఎవరి కోసమండీ అని అడిగింది. మేడం గది ఖాళీ చేస్తున్నారమ్మా, కార్డుల డబ్బా మమ్మల్ని తీసుకెళ్ళమన్నారు అని నేనే చెప్పాను. తలూపి వెళ్ళిపోయింది. ఐదుకి ఇంకా పన్నెండు నిమిషాలు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరుకుతుందో లేదో, అక్కకి ఏమని చెప్పాలి, ఏమే ఈ వయసులో అంటుంది, అననీ. మాత్రలు పెట్టుకున్నాను కదా, పెట్టుకున్నాను. ఈయన పొద్దున వేసుకునే మాత్రలు ఎక్కడుంటాయో ఈయనకి తెలియదు, చెప్పి వెళ్ళాలి, ఎందుకు చెప్పాలి, వెతుక్కోనీ.

“నర్సు ఒక్కతే కాదు.”

నేను తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతారని.

“నేను రాసుకోవడం అయ్యాక నర్సు ఫోను మేడం చేతికిచ్చింది” అన్నారు, గోడకేసి చూస్తూ. “నువ్వెవరు అని ఆవిడ అడగలేదు. నేను మళ్ళీ అదే చెప్పాను, వాళ్ళు ఊళ్ళో లేరండీ అని, ఇంగ్లీషులో. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. పెట్టేద్దామనుకున్నా. అప్పుడు తెలుగులో అన్నారు.”

“ఏమన్నారు?”

గుటక మింగారు. ఒకటి కాదు, మూడు.

“‘భయపడకు నాయనా, నాకేం కాదులే. ఇక ఫోను పెట్టెయ్’ అన్నారు.” గోడ మీద వేలు ఆగిపోయింది. “పెట్టేశాను.”

కింద ఎవరో రొట్టె కోస్తున్న చప్పుడు.

“రేపు వెళ్దాం అనుకున్నాను. పదకొండు రోజులూ రేపే అనుకున్నాను. ఆవిణ్ణి మంచం మీద అలా చూడ్డం నా వల్ల కాదు. నీకు చెబితే ఆ నిమిషానే లాక్కుపోతావు, అందుకే నీకూ చెప్పలేదు. నువ్వు గుమ్మంలో కూర్చుని ఎవరూ చెప్పలేదని ఏడుస్తుంటే అవునన్నాను చూడు, అది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. పట్టి కూడా నన్నే ఓదార్చింది. చచ్చిపోతూ నన్ను ఓదార్చింది.”

ఇంత పొడుగు మాట ఈయన నోట ఎప్పుడూ వినలేదు, ఏ భాషలోనూ. తల తిప్పి చూశాను. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు, యాభై తొమ్మిదేళ్ళ మనిషి, చొక్కా బొత్తాం ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నారు, పొద్దుటి నుంచీ అలాగే తిరిగారన్నమాట. నాకు కోపం పోలేదు. మేడం మీద జాలి, ఈయన మీద జాలి, అన్నీ కలిసిపోయాయి. భయం మాత్రం పోయింది. సంచి తీసి పై మెట్టు మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని నాలుగు మెట్లూ దిగి ఆయన పక్కన కూర్చున్నాను.

“వెళ్తావా?” అన్నారు.

“ఆవిడ గొంతు ఎలా ఉంది, సరిగ్గా చెప్పండి” అన్నాను. “మొదటినుంచీ చెప్పండి. ఫోను మోగినప్పుడు మీరెక్కడున్నారు?”

“వెనక వరండాలో. బోర్డుకి రంగు వేస్తున్నా” అని మొదలుపెట్టారు. చేతులకి నీలం రంగు ఉందట, ఫోనుకి అంటుతుందని గుడ్డతో పట్టుకున్నారట. ఆగుతున్నారు, మాట దొరకడం లేదు, వెతుక్కుంటున్నారు, నేను అందించడం లేదు. కింద వీధిలో ఆటో ఆగింది. తాళాల గుత్తి చప్పుడు చేసుకుంటూ మేడం మేనకోడలు మెట్లెక్కి వచ్చి, అయ్యో ఆలస్యమైందా పిన్నిగారూ, రండి తెరుస్తాను అంది.

“కాస్త ఆగమ్మా” అన్నాను, “ఆయన మాట్లాడుతున్నారు.”